విశాఖలో చెక్క పడవల తరగతులు: ఉలి కంటే పెన్సిలుకే ఎక్కువ మార్కులు

చిన్న చెక్క పడవను గీయడం, కట్టడం నేర్పుతామంటూ భీమిలి రోడ్డులోని ఒక షెడ్డులో వారాంతాల్లో నడుస్తున్న తరగతులకు ఎక్కువమంది వడ్రంగం మీద మోజుతోనే వస్తున్నారు. నాతో పాటు చేరినవారిలో చాలామంది మొదటి రోజే రంపం చేతికిస్తారని ఆశించారు. తరగతులు పూర్తిచేశాక నాకు కలిగిన అభిప్రాయం మాత్రం వేరు: కట్టిన ఫీజుకు పూర్తి న్యాయం జరిగింది కాగితం, స్కేలు, పెన్సిలు ముందు కూర్చోబెట్టిన ఆరంభపు తరగతులలోనే.

అక్కడ పాఠం బరువుల లెక్కతో మొదలవుతుంది. పడవ 45 కిలోలు, అందులో కూర్చునే ఇద్దరూ కలిపి 130, సామాను 25 అనుకుంటే మొత్తం 200 కిలోలు. సముద్రపు నీరు ఘనమీటరుకు దాదాపు 1,025 కిలోలు తూగుతుంది కనుక, ఆ పడవ తేలాలంటే సుమారు 195 లీటర్ల నీటిని పక్కకు నెట్టాలి. అదే పడవ ముడసర్లోవ మంచినీటి జలాశయంలోనైతే 200 లీటర్లు నెట్టవలసి ఉంటుంది, అంటే అక్కడ మరికాస్త లోతుగా దిగుతుంది. ఇక ఆ 195 లీటర్లను పడవ పొడవునా ఎక్కడ ఎంత పంచాలో తేల్చడానికి, నిర్ణీత దూరాలలో అడ్డుకోతలు గీసి, వాటి వైశాల్యాల నుంచి ఘనపరిమాణం రాబట్టే సింప్సన్ సూత్రంతో కూడే పనిని ప్రతి విద్యార్థి చేతా స్వయంగా చేయిస్తారు. కంప్యూటరు ఆ తరువాతే. పడవ ఎందుకు ఒరుగుతుందన్న పాఠం ఇంకా బాగుంది. పొడవూ మొత్తం బరువూ మార్చకుండా నీటిమట్టం దగ్గర వెడల్పును పది శాతం పెంచితే, ఒరుగుదలను అడ్డుకునే లెక్కలోని ప్రధాన రాశి వెడల్పు ఘనాన్ని అనుసరించి సుమారు 33 శాతం పెరుగుతుంది. దీన్ని బోర్డు మీద చెప్పి ఊరుకోకుండా, అట్టతో చేసి మైనం పూసిన నమూనాలను నీళ్ల తొట్టిలో వేసి, అంచు మీద తూకపురాళ్లు పెట్టి చూపించారు. ఇంజనీరింగు చదివినవారు కూడా అక్కడ తొట్టి వదిలి కదలలేదు.

కట్టే పద్ధతి ప్లైవుడ్ పలకల అంచులకు రంధ్రాలు వేసి, రాగి తీగతో కుట్టి, అతుకుల వెంట ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు, గాజునార బట్ట వేసేది. 1962లో బ్రిటన్‌లో రూపొందిన మిర్రర్ అనే చిన్న తెరచాప పడవతో ఇంటి పెరట్లో పడవ కట్టుకునేవారిలో ఈ విధానం బాగా వ్యాపించింది. బోధకులు ఈ చరిత్ర చక్కగా చెప్పారు కానీ, మన కోరమాండల్ తీరంలోనే అలల తాకిడికి విరగకుండా వంగేలా కొబ్బరి పీచు తాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు ఉండేవన్న సంగతి వారి నోట రాలేదు. ఫైబరు బోట్లు వచ్చాక మరుగున పడుతున్న తెప్పలను కట్టిన చేతులు విశాఖలోని మత్స్యకారుల పేట పెద జాలరిపేటలో ఇంకా ఉన్నాయి. అంత దగ్గరలో ఉన్న పెద్దలను ఒక్క పూటైనా పిలిపించకపోవడం నా దృష్టిలో ఈ తరగతులకున్న పెద్ద కొరత.

సామగ్రి విషయంలో మాత్రం వారు చాలా పట్టుదలగా ఉన్నారు. అడితిలో ‘వాటర్‌ప్రూఫ్’ అని అమ్మే ప్రతి పలకా పడవకు పనికిరాదని, పడవల ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 710 ముద్ర ఉన్నదే కావాలని, ఆ ప్రమాణంలో ముక్కను 72 గంటలు మరిగించి జిగురు పట్టు పరీక్షిస్తారని వివరించారు. ఎనిమిదడుగుల పలకకు మించిన పొడవు కావలసినప్పుడు రెండు పలకల చివరలను వాలుగా చెక్కి ఒకదానిపై ఒకటి అతికించే ఏటవాలు అతుకు వేయించారు. మందానికి ఎనిమిది రెట్ల వాలు లెక్కన 6 మిల్లీమీటర్ల పలకకు 48 మిల్లీమీటర్ల మేర చిత్రిక పట్టాలి. విశాఖ ఉక్కకు ఎపాక్సీ గిన్నెలోనే వేడెక్కి గడ్డకట్టకుండా వెడల్పాటి పళ్లెంలో పలచగా పరచడం, తేమ వల్ల పైన ఏర్పడే జిడ్డు పొరను నీళ్లతో కడిగాకే రెండో పూత వేయడం ఇక్కడి వాతావరణానికి అవసరమైన పాఠాలు. ఇంత చెప్పినవారు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కులు మమ్మల్నే తెచ్చుకోమనడం బాగాలేదు. ఎపాక్సీ ఖర్చు ఫీజులో కలవదన్న సంగతి కూడా చేరకముందే చెప్పవలసింది.

‘మీ పడవను మీరే రూపొందించుకోండి’ అన్న ప్రకటన సగమే నిజం. మనం గీసినది అట్ట నమూనా దగ్గరే ఆగిపోతుంది, బృందమంతా కలిసి కట్టేది వారి దగ్గర సిద్ధంగా ఉన్న నక్షా ప్రకారమే. పూర్తయిన పడవను నిలకడ నీటిలో దించి తెడ్లు వేయించారు, అది తిన్నగానే సాగింది. అయితే కావాలని బోల్తా కొట్టించి, నీళ్లు తోడి, మళ్లీ ఎక్కే అభ్యాసం లేకుండా పడవ తరగతి ముగించడం సరికాదు.

సొంత పడవతో ఇంటికి వెళ్లాలనుకునేవారికి ఇది సరిపోదు. పడవ ఆకారం వెనుక ఉన్న లెక్క తెలుసుకోగోరే విద్యార్థులకు, వడ్రంగులకు నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. చేరదలచినవారు తుపానుల కాలం దాటాక, జనవరిలో మొదలయ్యే బృందాన్ని ఎంచుకుంటే మంచిది. షెడ్డుకు మూడు వైపులా గోడలు లేవు.