అందరికీ మెడికేరా, ఒబామాకేర్ పక్కన ప్రభుత్వ ప్లానా?

అమెరికాలో ఆరోగ్య బీమా సంస్కరణ విషయంలో డెమొక్రాట్లలోనే రెండు వాదాలున్నాయి. సెనేటర్ బెర్నీ శాండర్స్ 2017లో సెనేట్‌లో పెట్టిన ‘అందరికీ మెడికేర్’ బిల్లు ప్రకారం, ముఖ్యంగా 65 ఏళ్లు దాటినవారికి ఉన్న ప్రభుత్వ బీమా (మెడికేర్) అందరికీ వస్తుంది, ప్రైవేటు బీమా దాదాపుగా తప్పుకుంటుంది, పన్నుల సొమ్ముతో ప్రభుత్వమే ఆసుపత్రులకు చెల్లిస్తుంది. 2020 ఎన్నికల్లో జో బైడెన్ పట్టుకున్నది రెండో వాదం: 2010 నాటి ఆరోగ్య బీమా చట్టమైన ఒబామాకేర్‌ను ఉంచి, బీమా కంపెనీల ప్లాన్ల పక్కనే ప్రభుత్వ ప్లాన్‌నూ అందుబాటులో పెట్టడం.

రోగికి మొదటిదే తేలిక. ఇప్పుడు నెలనెలా ప్రీమియం కడుతున్నా, డిడక్టిబుల్ (బీమా చెల్లింపు మొదలయ్యేలోగా మనం పెట్టుకోవలసిన మొత్తం) పూర్తయ్యేదాకా చాలా ఖర్చు జేబులోంచే పోతుంది. ఉద్యోగం పోతే దానితో వచ్చిన బీమా కూడా పోతుంది. కోబ్రా చట్టం కింద సాధారణంగా 18 నెలలు కొనసాగించుకోవచ్చు గానీ, అప్పటిదాకా కంపెనీ భరించిన వాటాతో సహా ప్రీమియంలో 102 శాతం దాకా మనమే కట్టుకోవాలి. హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్లకైతే, 60 రోజుల్లో మరో కొలువు వెతుక్కోవలసిన సమయంలోనే ఈ భారం వచ్చి పడుతుంది.

అయితే డబ్బు దగ్గరికి వచ్చేసరికి మొదటి వాదం తడబడుతుంది. 2011లో ఈ దిశగా చట్టం చేసుకున్న రాష్ట్రమైన వెర్మాంట్‌లో, యజమానులపై జీతాల మొత్తం మీద 11.5 శాతం (పేరోల్) పన్ను వేయవలసి వస్తుందని తేలాక, 2014 డిసెంబరులో గవర్నర్ పీటర్ షమ్లిన్ చేతులెత్తేశారు. ప్రీమియం బెడద తప్పుతుందని ఎంత చెప్పినా, కొత్త పన్ను కంటికి కనిపించినంతగా కంపెనీ కట్టే వాటా ఉద్యోగికి కనిపించదు.

రెండోది రాజకీయంగా సులువంటారు. నాకు ఆ నమ్మకం లేదు: సెనేట్‌లో డెమొక్రాట్ల పక్షాన బిల్లును అడ్డంకులు దాటించడానికి కావలసిన 60 మంది ఉన్న 2009లోనే, వారిలో ఒకరైన జో లీబర్‌మన్ అడ్డుపడటంతో ఒబామాకేర్ బిల్లులోంచి ప్రభుత్వ ప్లాన్‌ను తీసేయవలసి వచ్చింది.