లోహపు మినియేచర్లకు జెల్ సూపర్ గ్లూ: ఏళ్ల తరబడి వాడాక

బల్ల మీద ఆడే ఆటల్లో వాడే చిన్న లోహపు బొమ్మల (మినియేచర్ల) ముక్కలు అతికించడానికి నేను వాడేది జెల్ రకం సూపర్ గ్లూ. చాలా ఏళ్లుగా అదే, ఇకముందు కూడా అదే కొంటాను. అయితే ఏ గ్లూ మంచిదని అడిగేవాళ్లకు ముందు ఒక మాట చెప్పాలి: అతుకు నిలిచేది గ్లూతో సగమే, మిగతా సగం దానికి ముందు చేసే పనితోనే.

పల్చటి రకం ముక్కల మధ్యలోంచి జారి మొహం మీదికీ బట్టల మడతల్లోకీ పాకుతుంది, వేళ్లకు అంటుకోవడం సరేసరి. జెల్ పెట్టిన చోటే ఉంటుంది. పైగా లోహపు ముక్కలు ప్లాస్టిక్ వాటిలా ఒకదానిలో ఒకటి సరిగ్గా కూర్చోవు, ఎక్కడో సన్నటి సందు మిగులుతుంది, దాన్ని జెల్ పూడుస్తుంది. అలాగని దట్టంగా రాయొద్దు. ఆవగింజంత చాలు. పొర మందమయ్యేకొద్దీ ఆరడం ఆలస్యం, బలమూ తక్కువ.

దీని అసలు బలహీనత దెబ్బ. తిన్నగా లాగితే ఊడదు కానీ పక్కనుంచి తగిలినా, కింద పడినా అతుకు దగ్గర టక్కున విడిపోతుంది. అందుకే కత్తి పట్టిన చేయి, రెక్క, గుర్రం కాలు లాంటి వాటికి పిన్, అంటే రెండు ముక్కల్లోకీ దిగే చిన్న తీగ ముక్క, తప్పనిసరి. ఒక ముక్క మీద చిన్న రంగు చుక్క పెట్టి, ఆరకముందే రెండో ముక్కకు నొక్కితే మచ్చ దానికీ అంటుతుంది, రెండు చోట్లా అక్కడే చేతి డ్రిల్‌తో రంధ్రం చేస్తే గురి తప్పదు. 1 మి.మీ. ఇత్తడి తీగ మామూలు బొమ్మలకు సరిపోతుంది, సన్నటి మణికట్టుకు 0.5 మి.మీ. వాడతాను. గ్లూ వేయకుండా ఒకసారి పెట్టి చూసుకోండి. ఈ పని విసుగే, కానీ ఇలా పిన్ వేసిన బొమ్మలు ఆట బల్ల మీద ఎంత నలిగినా నిలబడ్డాయి.

అంతకంటే ముందు సబ్బు నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. అచ్చు నుంచి సులువుగా ఊడిరావడానికి వేసిన పొడి ఉపరితలం మీద మిగిలి ఉంటే ఏ గ్లూ పట్టదు. బాగా ఆరాక అతికే చోట ఆకురాయితో కాస్త గరుకు చేయాలి. పాత బొమ్మల్లో సీసం ఉండొచ్చు, కాబట్టి రాకేటప్పుడు పొడి పీల్చకుండా మాస్క్, పని అయ్యాక చేతులు కడుక్కోవడం, ఈ రెండూ మానొద్దు.

త్వరగా గట్టిపడేందుకు కొట్టే స్ప్రే నేను మానేశాను, అతుకు ఇంకా పెళుసవుతుంది. సూపర్ గ్లూ గట్టిపడేది ఉపరితలం మీది తేమతోనే, గాలి మరీ పొడిగా ఉంటే ముక్క మీద నోటి ఆవిరి ఊదితే చాలు. సందు పెద్దదైతే గ్లూ మీద చిటికెడు వంట సోడా చల్లండి, క్షణంలో రాయి అయిపోతుంది, తర్వాత ఆకురాయితో సాపు చేసుకోవచ్చు. డ్రాగన్ లాంటి బరువైన వాటికి మాత్రం రెండు ట్యూబుల్లోంచి తీసి కలిపి వాడే ఎపాక్సీ జిగురే. సర్దుకునేందుకు టైమ్ ఇస్తుంది, దెబ్బకూ తట్టుకుంటుంది, కాకపోతే పూర్తి బలం రావడానికి ఒక రోజు వదిలేయాలి.

జెల్ మీద నా ఫిర్యాదులు రెండు. అతుకు చుట్టూ తెల్లటి పొగమంచులాంటి పూత వస్తుంది, అందుకే రంగు వేయకముందే అతికించాలి. రెండోది, మూత తీశాక ట్యూబ్ ఎక్కువ కాలం ఉండదు, ముక్కు మూసుకుపోతుంది. పెద్దది చవకని కొంటే సగం గట్టిపడి పారేయడమే, చిన్న ట్యూబులే తీసుకోండి.