పాప్-అప్ లైట్ మోటార్ రీకండిషన్ అని అమ్ముతున్నారు, డబ్బులు కొట్టేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం, తిరుపతి నుంచి రాస్తా ఉండా. పాత మజ్డా ఎమ్ఎక్స్-5 కారు గానీ అట్లాంటి పాప్-అప్ హెడ్‌లైట్ల (స్విచ్ నొక్కితే మోటార్ తిరిగి పైకి లేచే లైట్లు) బండి గానీ పెట్టుకున్నోళ్ళు, కొనాలని చూస్తా ఉన్నోళ్ళు కొంచెం ఓపిగ్గా చదవండి. కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఎందుకంటే నాకు 18,500 రూపాయలు పోయింది, డబ్బులు పోతే పోయింది, మా బావమరిది చేతి వేలు పోవాల్సింది కొద్దిలో తప్పింది.

నా బండి 1992 మోడల్, 1600 సీసీ. సింగపూర్ నుంచి తిరిగొచ్చేసిన ఒక కుటుంబం తెచ్చుకున్న బండి, చెన్నైలో వాళ్ళ దగ్గర కొన్నా. ఈ లైట్లు పైకి లేచే మోడల్ 1989 నుంచి 1997 దాకానే తయారైంది, 1998లో వచ్చిన రెండో తరానికి మామూలు లైట్లే పెట్టేశారు. అంటే మన బండ్లలో ఉన్న ఒరిజినల్ మోటార్ ఏదైనా పాతికేళ్ళు దాటిందే.

నవంబర్ తుఫాను వానలకి బండి నాలుగు రోజులు ఇంటి ముందరే తడిసింది. అప్పట్నుంచి కుడి పక్క లైటు సగంలో ఆగిపోవడం మొదలైంది, ఒక్కోసారి ఎడమది లేస్తాది కుడిది అసలు కదలదు, వీధిలో పిల్లకాయలు కారు కన్ను కొడతాంది అని చూడ్డానికి వచ్చేవాళ్ళు. మెకానిక్‌లకి చూపిస్తే, మంచోళ్ళే పాపం, కానీ ఇట్లాంటిది ముందెప్పుడూ చూళ్ళేదు, వైరు కోసి డైరెక్ట్ ఇచ్చేద్దామా సార్ అన్నారు. నేను వద్దన్నా.

అక్కడ తొందరపడిపోయినా. పాత ఫారిన్ బండ్ల పార్టులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకతను దొరికినాడు, పేరు ఇక్కడ రాయను, ఫిర్యాదు నడుస్తా ఉంది. "రీకండిషన్ చేసిన మోటార్ అన్నా, ఆరు నెలలు వారంటీ, టెస్ట్ వీడియో కూడా పంపిస్తా" అన్నాడు. వీడియో పంపినాడు కూడా, బ్యాటరీ తగిలిస్తే మోటార్ గిర్రున తిరగతా ఉంది, ఇంకేం కావాల అనుకొని యూపీఐలో మొత్తం కొట్టేసినా. బిల్లు పార్సిల్‌లో పెడతా అన్నాడు, పెట్టలా.

పార్సిల్ విప్పినప్పుడే నాకు తట్టుండాల్సింది. నల్ల స్ప్రే పెయింట్ వాసన ఇంకా వస్తా ఉంది, రబ్బరు క్యాప్ అంచు మీద పెయింటు, వైరు తొడుగు మీద పెయింటు, ఆఖరికి స్క్రూ గాడిలో కూడా పెయింటే. మోటార్ విప్పి బాగుచేసినోడు ఎవడైనా స్క్రూ తిప్పకుండా ఎట్ల విప్పుతాడు, తిప్పుంటే గాడిలో పెయింటు చెదిరిపోవాల కదా. కనెక్టర్ లోపల పిన్నుల మీద పచ్చగా చిలుం. అయినా దూరం నుంచి వచ్చింది, పెట్టి చూద్దాం అనుకున్నాం.

ఆదివారం పొద్దున నేను, బావమరిది కలిసి బిగించినాం. స్విచ్ నొక్కితే లైటు చక్కగా లేచింది, ఇద్దరికీ సంతోషం, వాడు లింక్ రాడ్ (మోటార్‌ని లైటుకి కలిపే కడ్డీ) సరిగ్గా కూర్చుందా అని చెయ్యి పెట్టినాడు, లైటు మళ్ళీ కిందికి దిగింది, మళ్ళీ లేచింది, ఆగడం లేదు. బావా బావా అని అరిచినాడు, నేను స్విచ్ ఆపినా ఆగలేదు, ఫ్యూజు పీకితే గానీ ఆగలేదు. వేలి మీద చర్మం లేచిపోయింది, ఎముకకి ఏం కాలేదు, ఆ దేవుడి దయ.

ఆ మోటార్ తిరిగేది ఒకే దిక్కుకి, సగం చుట్టు తిరిగితే లైటు లేస్తాది, ఇంకో సగం తిరిగితే దిగతాది. పైకి చేరినప్పుడు, కిందికి చేరినప్పుడు కరెంటు కట్ చేసేది మోటార్ లోపల ఉండే చిన్న కాంటాక్ట్ ప్లేటు, దాని రాగి గీతల మీద స్ప్రింగు పత్తీలు (పలచటి రేకులు) రాసుకుంటా పోతాయి. నాకొచ్చిన మోటార్ మూత విప్పి చూస్తే, పత్తీ ఒకటి విరిగితే సోల్డర్ పెట్టి అతికించినారు, ఆ సోల్డర్ గీతల మధ్య ఖాళీగా ఉండాల్సిన చోటుని కలిపేసుంది, పైన చక్రాలకి పూసే గ్రీజు కూరేసినారు. ఇంక అది కట్ అయ్యేది ఎట్ల. అతను పంపిన టెస్ట్ వీడియో ఎందుకు మోసమో అప్పుడు అర్థమైంది నాకు, నేరుగా బ్యాటరీ తగిలిస్తే కాంటాక్ట్ ప్లేటుతో పనే లేదు, ఎంత చచ్చిన ప్లేటున్నా మోటార్ గిర్రున తిరగతాది. మీరు కొనేటప్పుడు బండికి బిగించి లేపి దించి, రెండు చోట్లా తనంతట తను ఆగే వీడియో అడగండి, మూత విప్పి ప్లేటు ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి.

ఇంకో సంగతి చెప్తే బాధేస్తాది. నా పాత మోటార్ అసలు చెడిపోనే లేదు. కోపంతో దాన్ని కూడా విప్పి చూసినా, పాత గ్రీజు ముదిరిన బెల్లం పాకం మాదిరి గట్టిపడి పత్తీలు రాగిని తాకకుండా అడ్డం పడుంది, ఒక మూల వాననీళ్ళు దిగిన పచ్చ మరక. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలతో ఓపిగ్గా తుడిచి, జీరో నంబర్ ఎమెరీ పేపర్‌తో అట్ల అట్ల తాకించినా, గట్టిగా రుద్దితే రాగే పోతాది జాగ్రత్త. పత్తీలు కొంచెం పైకి వంచి, కరెంటు పార్టులకి వాడే గ్రీజు పలచగా రాసి, మూత అంచుకి సిలికాన్ పెట్టి మూసేసినా. బాడీకి ఎర్త్ కలిసే బోల్టు కూడా తుప్పు పట్టుంది, గీకి బిగించినా. మొత్తం 400 రూపాయలు కాలేదు. అప్పట్నుంచి రెండు కళ్ళూ ఒకేసారి తెరుస్తాంది.

కాబట్టి మోటార్ కొనాలని పరిగెత్తకముందు మల్టీమీటర్ పట్టుకోండి. స్విచ్ వేసినప్పుడు మోటార్ కనెక్టర్ దగ్గరికి 12 వోల్టులు వస్తా ఉందా, ఎర్త్ వైరు బ్యాటరీ నెగటివ్‌తో కలుస్తా ఉందా చూడండి. ఆ రెండూ బాగుండి లైటు కదలకపోతే, చేత్తో కొంచెం తిప్పినాక మళ్ళీ పనిచేస్తే అది జాస్తి భాగం కాంటాక్ట్ మురికే. మోటార్ శబ్దం వస్తా ఉంది కానీ ఆర్మ్ తిరగడం లేదంటే పళ్ళ చక్రాల సంగతి, అది వేరే. ఏం చేసినా సరే ముందు బానెట్ కింద ఫ్యూజు పెట్టెలో రిట్రాక్టర్ అని రాసుండే 30 ఆంపియర్ల ఫ్యూజు పీకి జేబులో వేసుకోండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. మేం ముందు పీకలేదు, ఆ తప్పు మాదే.

రాత్రిపూట చంద్రగిరి రోడ్డులోనో యాడో లైటు లేవకుండా ఇరుక్కుంటే భయపడొద్దండి. అదే ఫ్యూజు పీకేసి, మోటార్ మీద రబ్బరు క్యాప్ తీస్తే కింద గుండ్రటి నాబ్ ఉంటాది, చేత్తో తిప్పతా పోతే లైటు లేస్తాది. ఫ్యూజు లేకపోయినా బల్బు వెలగతాది, ఇంటికి చేరేదాకా లైట్లు పైనే పెట్టుకోని రావచ్చు. లైటు డూమ్ (బల్బు కూర్చునే అద్దం గిన్నె) పగిలినా విదేశం నుంచి తెప్పించక్కర్లేదు, అది ఏడు అంగుళాల గుండ్రటిది, మన అంబాసిడర్‌కి, బుల్లెట్‌కి వచ్చే సైజే.

ఇప్పుడు ఆ అమ్మినతని సంగతి. "వెనక్కి పంపండి అన్నా, వేరేది ఇస్తా" అన్నాడు, నేను కొరియర్ చేసినా, అది చేరిన రోజు నుంచి అతను ఫోన్ ఎత్తడం లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేసి ఫిర్యాదు ఇచ్చినా, బిల్లు లేకపోయినా చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, కొరియర్ రసీదు పెట్టినా, చూడాల.

ఈ పోస్టు ఇప్పుడే రాయడానికి కారణం, నిన్న రాత్రి అదే మోటార్ మళ్ళీ అమ్మకానికి కనపడింది, ఈసారి 19,000. మళ్ళీ పెయింటు కొట్టినారు. కానీ మూత విప్పేటప్పుడు నా స్క్రూడ్రైవర్ జారి పడిన గీత, కింద ఎడమ స్క్రూ పక్కన వంకరగా అర అంగుళం, పెయింటు కిందనుంచి కూడా తెలస్తా ఉంది. ఎవరైనా ఆ మోటార్‌కి అడ్వాన్స్ ఇచ్చుంటే ఫొటో పెద్దది చేసి ఆ మూల చూడండి, విప్పినప్పుడు నేను తీసుకున్న ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే వెంటనే పంపిస్తా.