కోల్‌కతా గ్రీన్ లైన్: హౌరాను సియాల్దాతో కలిపిన భూగర్భ మెట్రోపై సమీక్ష

కోల్‌కతా మెట్రో గ్రీన్ లైన్‌లో ఎస్‌ప్లనేడ్ – సియాల్దా భాగం 2025 ఆగస్టు 22న ప్రారంభమైంది. దాని పొడవు రెండున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువే. కానీ ఆ కాస్త దూరం పూర్తికాకపోవడం వల్లే హౌరా మైదాన్ నుంచి ఎస్‌ప్లనేడ్ వరకు కొన్ని రైళ్ళు, సియాల్దా నుంచి సాల్ట్‌లేక్ సెక్టార్ ఫైవ్ వరకు మరికొన్ని రైళ్ళు, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టుగా దాదాపు ఏడాదిన్నర పాటు విడివిడిగా నడిచాయి. ఇప్పుడు హౌరా మైదాన్‌లో ఎక్కినవారు దిగి మారాల్సిన పని లేకుండా, పన్నెండు స్టేషన్ల మీదుగా పదహారున్నర కిలోమీటర్ల దూరంలోని సెక్టార్ ఫైవ్‌కు నేరుగా చేరుకుంటున్నారు. ఈ సేవను వాడి చూసిన తరువాత, దీని గురించి జనం ఏమనుకుంటున్నారో విన్న తరువాత, నాకు కలిగిన అభిప్రాయం ఇది: ఈ మార్గానికి ఎక్కువ పేరు తెచ్చింది నది కింది సొరంగమే అయినా, దీని అసలు విలువ చివరగా కలిసిన ఈ చిన్న భాగంలోనే ఉంది.

నది సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే జనం స్పందన అక్కడే మొదలైంది. హౌరా మైదాన్ – ఎస్‌ప్లనేడ్ భాగం 2024 మార్చిలో తెరుచుకున్నప్పుడు, పని ఉన్నవారితో పాటు ఏ పనీ లేనివారు కూడా కుటుంబాలతో వచ్చి ఎక్కారు. దేశంలో నది అడుగున మెట్రో రైలు నడవడం అదే మొదటిసారి. గంగ పాయ అయిన హుగ్లీ కింద సొరంగం పొడవు 520 మీటర్లు. రైలు దాన్ని ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. కిటికీలోంచి నీళ్ళేమీ కనబడవు. కనిపించేదల్లా సొరంగం గోడ మీద నదీభాగాన్ని గుర్తుపట్టడానికి అమర్చిన నీలిరంగు దీపాలే. అయినా ఆ నీలి వెలుగు రాగానే పెట్టెలో మాటలు ఆగిపోతాయి, ఫోన్లు పైకి లేస్తాయి, పిల్లలను ఎత్తుకుని అద్దానికి ఆనించి చూపిస్తారు. తలమీద గంగ ఉందన్న తలంపుతో చేతులు జోడించే పెద్దవాళ్ళు ఉంటారు. ఇందులో చూడటానికి ఏముందని కొందరు పెదవి విరిచారు గాని, ఆ మాటతో నేను ఏకీభవించను. పుట్టినప్పటి నుంచి పడవ మీదో, వంతెన మీదో దాటిన నదిని కింది నుంచి దాటుతున్నామన్న సంగతి ఒక నగరాన్ని ఆనందపరిస్తే అందులో తక్కువ చేసి మాట్లాడవలసినది ఏమీ లేదు.

అయితే వేడుక చూడటానికి వచ్చినవారు ఒకటి రెండుసార్లు ఎక్కి ఊరుకుంటారు. రోజూ ఎక్కేవారి లెక్క వేరు. కోల్‌కతాకు రెండు పెద్ద రైల్వే స్టేషన్లు ఉన్నాయి. హుగ్లీకి పడమటి ఒడ్డున హౌరా, తూర్పు వైపున సియాల్దా. హౌరాలో దిగి సియాల్దాలో మరో రైలు ఎక్కవలసినవారికి ఇన్నేళ్ళుగా హౌరా వంతెన, బడా బజార్ రద్దీ, ఎక్కడికక్కడ ఆగిపోయే బస్సులు, బేరమాడితే తప్ప కదలని టాక్సీలే గతి. వాన పడిన రోజు ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇప్పుడు అదే దూరం భూమి అడుగున పది పన్నెండు నిమిషాల్లో అయిపోతోంది. వేగం ఒక్కటే దీని గొప్పతనం కాదు. ప్రయాణం ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియడం అంతకన్నా పెద్ద సదుపాయం. రెండో రైలు అందుతుందో లేదోనన్న భయంతో మూడు గంటల ముందే బయలుదేరే అవసరం తప్పింది.

తెలుగు ప్రయాణికులకు ఇది మరీ దగ్గరి విషయం. సికింద్రాబాద్ నుంచి వచ్చే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ హౌరాలో ఆగిపోతుంది. డార్జిలింగ్ వైపు వెళ్ళే డార్జిలింగ్ మెయిల్ సియాల్దాలో బయలుదేరుతుంది. ఈ రెండింటి మధ్య పిల్లలతో, పెద్దలతో, పెట్టెలతో నగరాన్ని అడ్డంగా దాటడం ఎంత ప్రయాసో అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. వారికి ఈ మార్గం ఒక సౌకర్యంగా కన్నా, ఎప్పటి నుంచో రావలసిన బాకీ తీరినట్టుగా అనిపిస్తుంది.

హౌరా మెట్రో స్టేషన్ నేలకు సుమారు 30 మీటర్ల లోతున ఉంది. సొరంగం నది అడుగు కన్నా కిందికి దిగాలి కాబట్టి ఒడ్డున ఉన్న స్టేషన్ కూడా అంత లోతుకు పోక తప్పలేదు. ఒక ఎస్కలేటర్ దిగితే మరొకటి, అది దిగితే ఇంకొకటి వస్తుంది. రైలు పట్టుకోవడానికి పట్టే సమయంలో కొంత ఈ దిగడానికే పోతుందని మొదటిసారి వచ్చేవారు గుర్తుంచుకోవాలి. ప్లాట్‌ఫారం అంచున నేల నుంచి లేచిన అద్దాల తలుపులు రైలు వచ్చి సరిగ్గా ఎదుట ఆగిన తరువాతే తెరుచుకుంటాయి. ఎంత తోపులాట జరిగినా పట్టాల మీద పడే ప్రమాదం లేకపోవడం వల్ల, వయసు మళ్ళినవారు కూడా అంచు దగ్గర ధైర్యంగా నిలబడగలుగుతున్నారు. ఆరు పెట్టెల రైలులో చల్లదనం బాగుంది, కుదుపులు తక్కువ. పెట్టెకూ పెట్టెకూ మధ్య గోడలు లేనందున ఒకచోట గుంపు ఎక్కువైతే జనం లోపలి నుంచే పక్కకు జరుగుతారు. హౌరా మైదాన్ నుంచి ఎస్‌ప్లనేడ్‌కు పది రూపాయలు, ఈ కొస నుంచి ఆ కొసకు ముప్పై రూపాయలు. ఇంత తక్కువ ధరకు ఇంత నాణ్యమైన ప్రయాణం దేశంలో మరి కొన్ని నగరాల్లో దొరకదని నిస్సందేహంగా చెప్పవచ్చు.

ఎస్‌ప్లనేడ్ గురించి అంత ఉత్సాహంగా రాయడం కుదరదు. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984 అక్టోబరు 24న మొదలైంది ఇక్కడి నుంచే. భవానీపూర్ దాకా వేసిన ఆ తొలి ముక్క పెరిగి పెరిగి, ఉత్తర దక్షిణాలుగా నగరాన్ని చీల్చుకుంటూ పోయే బ్లూ లైన్ అయింది. పాత లైను బ్రాడ్‌గేజ్, కొత్త లైను స్టాండర్డ్ గేజ్, అంటే రెండింటి పట్టాల మధ్య వెడల్పు వేరు. అందువల్ల ఒక లైను రైలు మరో లైను మీద నడవదు, ప్రయాణికుడే దిగి నడిచి మారాలి. హౌరా, సియాల్దా రెండు వైపుల నుంచీ ఒక్కసారిగా వచ్చిపడుతున్న జనమంతా ఎస్‌ప్లనేడ్‌లో బ్లూ లైన్‌లోకి మళ్ళుతున్నారు. ఆ పాత లైనులో అద్దాల తలుపులు లేవు. పైగా దాని దక్షిణపు చివరి స్టేషన్ కవి సుభాష్ స్తంభాల్లో పగుళ్ళు కనబడటంతో, గ్రీన్ లైన్ కలవడానికి సరిగ్గా కొన్ని వారాల ముందే, 2025 జూలైలో, దాన్ని మూసివేయవలసి వచ్చింది. కొత్త లైను ప్రారంభమైన తరువాత వినిపించిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం కొత్త లైను మీద కాదు, పాత లైనులో పెరిగిపోయిన ఒత్తిడి మీదే. ఆ ఫిర్యాదులు న్యాయమైనవి. రెండు పెద్ద స్టేషన్ల జనాన్ని తెచ్చి నలభై ఏళ్ళు దాటిన ఒక లైను గుమ్మంలో దింపుతున్నప్పుడు, ఆ పాత లైనును కూడా అందుకు తగినట్టు సిద్ధం చేయడం పథకంలో భాగంగానే ఉండవలసింది.

ఇక ఎస్‌ప్లనేడ్, సియాల్దాల మధ్య ఉన్న పాత పేట బౌబజార్. ఈ మార్గం గురించి మెచ్చుకుంటూ రాసేవారు ఈ పేరు దగ్గర తొందరగా దాటిపోవడం చూశాను. అలా దాటిపోకూడదని నా గట్టి నమ్మకం.

ఈ పథకం మొదలైనప్పుడు అందరూ భయపడింది నది గురించి. ఆ భయం వల్లనే నది దగ్గర జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. సొరంగానికి లోపలి కవచంగా అమర్చే కాంక్రీటు దిమ్మెల మధ్య, తడి తగిలితే ఉబ్బి సందును మూసివేసే ప్రత్యేక పట్టీలు వేశారు. రచన, ప్రేరణ అని పేర్లు పెట్టిన రెండు సొరంగం తవ్వే యంత్రాలు 2017లో నదిని ఏ ప్రమాదమూ లేకుండా దాటాయి. దెబ్బ తగిలింది నది దగ్గర కాదు, నదిని దాటి చాలా దూరం వచ్చాక. మొదటి ప్రణాళిక ప్రకారం సెంట్రల్ స్టేషన్ దగ్గర బ్లూ లైన్‌ను కలవవలసిన ఈ మార్గాన్ని తరువాత ఎస్‌ప్లనేడ్ వైపు మళ్ళించారు. కొత్త దారి బౌబజార్‌లోని పాత ఇళ్ళ కింది నుంచి పోయింది. 2019 ఆగస్టు 31న అక్కడ తవ్వుతున్న చండీ అనే యంత్రం భూగర్భ జలాల పొరను తాకింది. నీరు, దాంతో పాటు మెత్తని మట్టి సొరంగంలోకి కారిపోవడంతో పైన నేల దిగింది. గోడలు పగిలాయి, కొన్ని ఇళ్ళు కూలాయి, వందల మందిని రాత్రికి రాత్రి కట్టుబట్టలతో హోటళ్ళకు తరలించారు.

ఇరుకు సందుల్లో, ఒకదానికొకటి ఆనుకుని నిలబడిన ఆ ఇళ్ళలో చాలావాటి కింది గదులు బంగారు పని చేసేవారి దుకాణాలు. దుర్గా పితురీ లేన్, స్యాక్రా పాడా లేన్ వంటి చోట్ల ఇల్లు పోవడమంటే నివాసంతో పాటు జీవనాధారం కూడా పోవడమే. చండీ అక్కడే చిక్కుకుపోయింది. దాని పక్కనే రెండో సొరంగం తవ్విన ఊర్వి అనే యంత్రాన్ని సియాల్దా నుంచి వెనక్కి తిప్పి, చండీ వదిలేసిన భాగాన్ని 2021లో పూర్తి చేయించారు. అంతటితో కష్టాలు తీరలేదు. 2022 మే నెలలో ఒకసారి, అదే ఏడాది అక్టోబరులో మరోసారి నీరు ఊరి, మళ్ళీ ఇళ్ళు బీటలు వారాయి, మళ్ళీ జనం ఇళ్ళు ఖాళీ చేశారు. రైళ్ళు మొదలైన నాటికి కూడా కొన్ని కుటుంబాలు తమ సొంత గడప తొక్కలేదు.

అందువల్ల ఆగస్టు 22 నాటి స్పందన నగరమంతటా ఒకేలా లేదు. సియాల్దా దగ్గర లోకల్ రైలు దిగి కార్యాలయాలకు పరుగెత్తే ఉద్యోగికి అది పండుగ. బౌబజార్ సందుల్లోని మనిషికి అది తన ఇంటి కిందుగా, తన ఇల్లు ఇంకా కట్టకముందే, రైలు నడిచిన రోజు. ఈ రెండూ నిజమే. మొదటివారి సంతోషాన్ని చెప్పి రెండోవారి కోపాన్ని వార్త చివరి పేరాలోకి నెట్టడం సరికాదు. నేను ఈ సేవకు మంచి మార్కులే ఇస్తున్నాను. కానీ ఆ మార్కులు నడుస్తున్న రైలుకే గాని, దాన్ని కట్టిన తీరుకు కావు. కూలిన ఇళ్ళన్నీ తిరిగి లేచి, వాటి తాళాలు యజమానుల చేతికి అందేదాకా ఈ పథకం పూర్తయిందని అనడానికి నాకు మనసొప్పదు.

నది మీద తిరిగే ఫెర్రీల గురించి, హౌరా బస్సుల గురించి కూడా చర్చ జరుగుతోంది. 2024లో మొదటి భాగం తెరిచినప్పుడే ఫెర్రీ రేవుల్లో జనం తగ్గుతారన్న ఆందోళన వినిపించింది. నా దృష్టిలో ఫెర్రీకి, మెట్రోకి మధ్య పోటీ పూర్తిగా ఉండదు. రేవుకు దగ్గరలో పని ఉన్నవారికి, గాలి కోరుకునేవారికి పడవే సుఖం. మినీ బస్సుల సంగతి అలా కాదు. హౌరా – సియాల్దా దారి మీదే బతుకుతున్న డ్రైవర్లు, కండక్టర్లు ఇప్పుడు మెట్రో స్టేషన్ల నుంచి లోపలి పేటలకు జనాన్ని చేర్చే దారులకు మళ్ళవలసి ఉంటుంది. ఆ మళ్ళింపును ప్రభుత్వం ముందుండి చేయించాలి. లేకపోతే స్టేషన్ మెట్లెక్కి పైకి వచ్చిన ప్రయాణికుడు మళ్ళీ ఆటో బేరం దగ్గరే ఆగిపోతాడు.

వెళ్ళాలనుకునేవారికి కొన్ని మాటలు. నదిని చూపించడానికి పిల్లలను తీసుకువెళ్ళేవారు మధ్యాహ్నపు వేళ ఎంచుకోవాలి. ఉదయం, సాయంత్రం కార్యాలయాల వేళల్లో కిటికీ దగ్గరికి చేరడమే కష్టం, పైగా రోజూ ఎక్కేవారికి అడ్డు. నీలి దీపాలు హౌరా, మహాకరణ్ స్టేషన్ల మధ్యనే వస్తాయి కాబట్టి రైలు ఎక్కిన వెంటనే సిద్ధంగా ఉండాలి. టికెట్ల వరుసలో నిలబడటం ఇష్టం లేకపోతే స్మార్ట్ కార్డు తీసుకోవడం మేలు, అది బ్లూ లైన్‌లో కూడా చెల్లుతుంది. దూర ప్రయాణపు సామానుతో హౌరా నుంచి సియాల్దాకు మారేవారు మెట్రోలో పెద్ద పెట్టెల మీద పరిమితి ఉంటుందని మరవకూడదు. బరువు ఎక్కువగా ఉంటే ఎస్కలేటర్ వైపు పోకుండా లిఫ్ట్ ఎక్కడుందో ముందే అడిగి తెలుసుకోవాలి. తెల్లవారకముందు దిగే రైళ్ళలో వచ్చేవారికి, బాగా పొద్దుపోయాక చేరేవారికి మాత్రం ఇప్పటికీ పైనున్న టాక్సీయే దిక్కు.