మజు అమ్మవారి కోసం లుకాంగ్ వెళ్లండి

తైవాన్‌లో ఒక్క గుడికే తీరిక ఉంటే చాలామంది తైపేలోని లోంగ్‌షాన్‌కు వెళతారు. వెళ్లదగ్గ గుడే. 1738లో వెలిసింది, మెట్రో దిగితే పక్కనే ఉంటుంది, ప్రవేశ రుసుము లేదు. ముందు మండపంలోని కంచు డ్రాగన్ స్తంభాలు చూసి తీరాలి. 1945 బాంబు దాడిలో ప్రధాన మండపం ధ్వంసమైనా, కరుణామూర్తిగా కొలిచే గ్వాన్‌యిన్ దేవత విగ్రహం నిలిచింది. అయితే 2020 నుంచి అక్కడ అగరొత్తులు వెలిగించడం లేదు. నాకు కావలసింది ఆ ధూపమే.

అందుకే నా ఓటు లుకాంగ్ పట్టణంలోని మజు ఆలయానికి. రైలు నేరుగా వెళ్లదు. చాంగ్‌హువాలో దిగి బస్సు ఎక్కాలి. ఆ శ్రమకు ఫలితం గర్భగుడి ముందు దొరుకుతుంది. సముద్రయానం చేసేవారిని కాచే తల్లి మజు. చైనా తీరంలోని మెయ్‌జౌ దీవిలో 960లో పుట్టిన లిన్ అనే ఇంటి ఆడపడుచు దేవత అయిందని అక్కడివారి నమ్మకం. ఇక్కడి మూలమూర్తి ఆ దీవి నుంచే వచ్చిందంటారు. తరతరాల ధూపం పట్టి అమ్మవారి ముఖం నల్లబడింది. దాన్ని ఎవరూ కడిగి తెల్లగా చేయలేదు, అదే నాకు ఎంతో నచ్చింది. ఆమెకు కావలిగా ఇద్దరు: ఒకరు చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని దూరం చూస్తారు, మరొకరు చెవి ఒగ్గి వింటారు. కొత్త గుడి కట్టేవారు పాత గుడి ధూపపాత్రలోని బూడిద తీసుకెళ్లి తమ పాత్రలో కలుపుకుంటారు. గుళ్ల మధ్య చుట్టరికం అలా కలుస్తుంది.

ప్రశ్న అడగాలంటే నెలవంక ఆకారపు రెండు చెక్కలను నేల మీద వేయాలి. ఒకటి బల్లపరుపు వైపు, ఒకటి ఉబ్బు వైపు పైకి పడితే అమ్మవారు ఔనన్నట్టు. రెండూ ఉబ్బు వైపే పైకి పడితే కాదన్నట్టు. రెండూ బల్లపరుపుగా పడితే అమ్మ నవ్వింది, మళ్లీ అడగాలి. నా పక్కన ఒక పెద్దావిడ చెక్కలను నుదుటికి ఆనించి, పేరు, ఊరు మెల్లగా చెప్పుకుని వేశారు. ఆ భక్తికి భాష అక్కర్లేదు.

గుడికి ఎదురుగా నిలబడితే కుడి ద్వారం గుండా లోపలికి, ఎడమ ద్వారం గుండా బయటికి. గడప తొక్కకూడదని మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

బస తైపేలోనో తైచుంగ్‌లోనో పెట్టుకుంటే సదుపాయం. లుకాంగ్‌లో చిన్న గదులు దొరుకుతాయి, వారాంతాల్లో మాత్రం రద్దీ ఎక్కువ. గుడి వీధిలో అంతా ఆల్చిప్పల అట్లే. శాకాహారులు స్వస్తిక గుర్తున్న భోజనశాల వెతుక్కోండి. అలాంటి చోట్ల సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు.