డెలివరీ యాప్‌లలో రెస్టారెంట్ పెట్టడం: చాలాకాలం వాడాక నా సమీక్ష

కొత్తగా రెస్టారెంట్ తెరిచేవాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే, యాప్‌లో ఎక్కడానికి ఎన్నాళ్లు పడుతుందని. కాగితాలు సరిగ్గా ఉంటే ఆ పని తొందరగానే అయిపోతుంది, అందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఎక్కాక చేతిలో నాలుగు డబ్బులు మిగలడం దగ్గరే తిప్పలన్నీ, దాని గురించి సైన్ అప్ చేయించడానికి వచ్చినవాళ్లు ఒక్క ముక్క చెప్పరు. నా రెస్టారెంట్‌కి నేను రెండు యాప్‌లు చాలాకాలంగా వాడుతున్నాను, ఇప్పటికీ వాడుతున్నాను, కాబట్టి తిట్టేవి తిడతాను, బాగున్నవి బాగున్నాయనే చెబుతాను.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తా. ఆహార వ్యాపారం లైసెన్సు, పన్ను నమోదు, యజమాని గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా, మెనూ, ఫొటోలు, ఎక్కడైనా కాస్త అటూఇటూగా ఇవే. దరఖాస్తు ఆగిపోయేది ఎక్కువగా పేర్లు కలవక. లైసెన్సులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది, ఒక కాగితంలో డోర్ నంబరు ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. అప్‌లోడ్ చేసేముందు అన్నీ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోండి. ఖాతా మాత్రం మీ సొంత ఫోన్ నంబరు, మీ సొంత ఈమెయిల్‌తోనే తెరవండి. మేనేజరు నంబరుతోనో, "నేను పెట్టించేస్తాను సార్" అని వచ్చిన ఏజెంటు నంబరుతోనో తెరిస్తే ఆ మనిషి వెళ్లిపోయిన రోజు ఓటీపీ కోసం అతని చుట్టూ తిరగాలి.

అదే షాపులో ఇంతకుముందు వేరేవాళ్ల రెస్టారెంట్ నడిచి ఉంటే ఇంకో చిక్కు. పాత లిస్టింగ్, అంటే యాప్‌లో వాళ్ల రెస్టారెంట్ పేజీ, ఇంకా బతికే ఉండొచ్చు, మీ దరఖాస్తును డూప్లికేట్ అని ఆపేయొచ్చు. లేదంటే పాతవాళ్ల రేటింగ్ మీ నెత్తిన పడుతుంది. పాతదాన్ని మూసేసి కొత్తది తెరవమని అడగండి, "దాన్నే మార్చేద్దాం, ఈజీగా అయిపోతుంది" అంటే ఒప్పుకోవద్దు.

మ్యాప్‌లో పిన్ గురించి ఎవరూ పట్టించుకోరు కానీ నా లెక్కలో కాగితాలన్నిటికన్నా అదే ముఖ్యం. మా పిన్ మొదట్లో భవనం వెనక సందులో పడింది, అటువైపు మాకు తలుపే లేదు. వచ్చిన ప్రతి డెలివరీ అబ్బాయీ వెనక్కి వెళ్లి, గోడ చూసి, ఫోన్ చేసి, చుట్టూ తిరిగి ముందుకు వచ్చేవాడు, ఈలోపు పార్సిల్ చల్లారిపోయేది, కస్టమర్ తిట్టేది మాత్రం మమ్మల్ని. లైవ్ అయ్యే ముందే వాకిట్లో నిలబడి పిన్ సరిచూసుకుని, ఎటునుంచి రావాలో రెండు ముక్కల్లో రాసి పెట్టండి.

ఇక మెనూ. హాల్లో అమ్మే మెనూ మొత్తాన్ని యాప్‌లో దింపేయకండి. ఏ ఐటమ్ అయినా పెట్టేముందు దాన్ని నిజంగా ప్యాక్ చేసి, మూత పెట్టి, అరగంటకు పైగా పక్కన ఉంచి, అప్పుడు తెరిచి తినండి. కరకరలాడాల్సింది ఆవిరికి మెత్తబడిపోతుంది, గ్రేవీ మూత అంచులోంచి కారి సంచీ అంతా అవుతుంది, కొన్ని మాత్రం విచిత్రంగా ఇంకా బాగుంటాయి. మా వంటవాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైన ఐటమ్ ఈ పరీక్షలో పోయింది, గొడవ కూడా అయింది, అయినా పెట్టలేదు. ఎక్స్‌ట్రాలు, సైజులు వేరే ఐటమ్‌లుగా రాయకుండా అసలు ఐటమ్ కిందే ఆప్షన్లుగా పెట్టించండి, లేకపోతే ఎవరో ఒకరు ఒట్టి ఎక్స్‌ట్రా ఒక్కటే ఆర్డర్ చేస్తారు. ఫొటోల మీద పేరు, లోగో, ఫోన్ నంబరు వేస్తే తిప్పి పంపేస్తారు. పగటి వెలుతురులో మామూలు ఫోన్‌తో తీసినవి చాలు, కానీ అవి మీ వంటవే అయ్యుండాలి.

ప్రతి ఆర్డర్ మీద యాప్ తీసుకునే కమీషన్ దగ్గరికి వద్దాం. శాతం ఎంత అని బేరమాడతారు అందరూ, దేని మీద శాతం అని అడిగేవాళ్లు తక్కువ. నూరు బిల్లు మీద మీరు ఇరవై డిస్కౌంట్ ఇచ్చారనుకుందాం, కమీషన్ 25 శాతం. డిస్కౌంట్ పోగా మిగిలిన ఎనభై మీద లెక్కేస్తే ఇరవై పోయి మీకు అరవై మిగులుతుంది, మొత్తం నూరు మీద లెక్కేస్తే ఇరవై ఐదు పోయి యాభై ఐదే. పైన కమీషన్ మీద పన్ను, పేమెంట్ గేట్‌వే ఫీజు (ఆన్‌లైన్ చెల్లింపు జరిపించినందుకు తీసుకునేది), ప్రకటనలు పెట్టుకుంటే అవి, రీఫండ్లు వస్తే అవి. ప్యాకింగ్ ఖర్చు మన జేబులోంచి. అందుకే ఒప్పందంలో మొదట చూడాల్సింది ఈ లెక్క, తర్వాత డిస్కౌంట్‌లో ఎవరి వాటా ఎంత, ఆ తర్వాత వేరే యాప్‌లో ఉండకూడదనే షరతు ఏమైనా ఉందా అన్నది. నోటిమాటగా చెప్పినవన్నీ ఈమెయిల్‌లో రాయించుకోండి. కమీషన్ గొడవ మనొక్కళ్లదే కాదు, 2020లో కరోనా సమయంలో న్యూయార్క్ నగరం డెలివరీకి తీసుకునే కమీషన్ 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టింది. 2021లో డోర్‌డాష్ అనే డెలివరీ యాప్ అమెరికాలో 15, 25, 30 శాతాలతో మూడు రకాల ప్లాన్లు తెచ్చింది. తక్కువ శాతం ప్లాన్ తీసుకుంటే ఎంత దూరంలోని కస్టమర్లకు కనిపిస్తామో ఆ దూరం తగ్గేది, అంటే మనం కొనేది డెలివరీతో పాటు కనపడడాన్ని కూడా.

లైవ్ అయిన మొదటి వారాల్లో "కొత్తది" అని కాస్త పైన చూపిస్తారు, ఆర్డర్లు బాగానే వస్తాయి, మనకేమో ఇక తిరుగులేదనిపిస్తుంది. అది వాళ్లు ఇచ్చిన ఊపు, మన గొప్ప కాదు. ఆ వారాల్లో వచ్చిన రేటింగులే చాలాకాలం వెంటాడతాయి, ఎందుకంటే పది మంది వేసినప్పుడు ఒక్క వన్-స్టార్ రేటింగ్ సగటును లాగేసినట్టు వెయ్యి మంది వేశాక లాగలేదు. అందుకే నేనైతే వంటవాళ్లు కుదురుకోకముందు, ప్యాకింగ్ డబ్బాలు తేలకముందు లైవ్ బటన్ నొక్కొద్దంటాను. అద్దె కట్టాలనే టెన్షన్ అర్థమవుతుంది, అయినా సరే.

వంటకు పట్టే సమయం నిజం రాయండి. పదిహేను నిమిషాలని రాసి పాతిక తీసుకుంటే డెలివరీ అబ్బాయి ముందే వచ్చి కౌంటర్ దగ్గర నిలబడతాడు, ఆ ఎదురుచూపు అంతా యాప్ లెక్కేసుకుంటుంది. మరీ ఎక్కువ రాస్తే కస్టమర్ టైమ్ చూసి పక్కదానికి పోతాడు. మా కౌంటర్ అబ్బాయి, వంట ఇంకా పొయ్యి మీద ఉండగానే, "ఫుడ్ రెడీ" నొక్కేసేవాడు, అలా నొక్కితే మనిషి త్వరగా వస్తాడని వాడి లెక్క. ఇప్పుడు సంచీకి సీలు వేసినవాళ్లే ఆ బటన్ నొక్కాలని నియమం పెట్టుకున్నాం. సరుకు అయిపోతే వెంటనే ఐటమ్ ఆఫ్ చేయాలి, ఆర్డర్ తీసుకున్నాక "లేదు" అని క్యాన్సిల్ చేయడం అన్నిటికన్నా చెడ్డ పేరు. రద్దీ సమయంలో హాలు నిండి ఉంటే మొహమాటం లేకుండా అదనపు సమయం కలపండి.

బాగున్నవి కూడా చెప్పాలి కదా. మా బోర్డు ఎప్పుడూ చూడనివాళ్లు యాప్‌లో దొరికి, తర్వాత నేరుగా వచ్చి కూర్చున్నారు. ఏ ఐటమ్ ఏ గంటలో అమ్ముడవుతుందో చూపించే రిపోర్టు నిజంగా పనికొస్తుంది, దాన్ని చూసే రాత్రి మెనూ కుదించాం. కానీ కస్టమర్ నంబరు మన చేతికి రాదు, రేపు లిస్టింగ్ ఆగితే వాళ్లను మళ్లీ పిలుచుకునే దారి ఉండదు. మొత్తం అమ్మకంలో యాప్ వాటా సగం దాటితే నాకు నిద్ర పట్టదు.

సపోర్ట్ దగ్గరే నా మార్కులు తగ్గుతాయి. ముందు బాట్ (తనంతట తనే జవాబులిచ్చే ప్రోగ్రాం), తర్వాత అదే ప్రశ్న అడిగే మనిషి, తర్వాత టికెట్ మూసేశాం అని మెసేజ్. ఐటమ్ తక్కువొచ్చిందని కస్టమర్ అంటే చాలాసార్లు రీఫండ్ మన ఖాతాలోంచే పోతుంది. అందుకని సీలు వేసేముందు తెరిచిన సంచీకి, బిల్లు కనపడేలా ఒక ఫొటో తీస్తాం. అది పెట్టి ఫిర్యాదు చేస్తే డబ్బు వెనక్కి వచ్చిన సందర్భాలు ఉన్నాయి, ఫొటో లేకుండా అడిగినప్పుడు ఒక్కసారీ రాలేదు. ఫిర్యాదు చేయడానికి గడువు ఉంటుంది, కాబట్టి యాప్ మనకు ఎంత ఇచ్చిందో, ఎంత కోసిందో చూపే సెటిల్‌మెంట్ షీట్ వచ్చిన రోజే బిల్లులతో సరిచూడండి, నెలాఖరు దాకా ఆగొద్దు.