ఆఫీసు దారికి గేర్ల బండా, స్కూటీనా: ఏది మేలు?

కొత్త బండి కొనేవాళ్లు మొదట అడిగేది మైలేజీ. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికైతే అంతకన్నా ముందు లెక్కపెట్టాల్సినవి సిగ్నళ్లు. ఇంటి గేటు నుంచి ఆఫీసు పార్కింగ్ దాకా ఎన్నిసార్లు కాలు కింద పెడుతున్నారో రెండు రోజులు గమనించండి. ఏ బండి సుఖమో సగం అక్కడే తేలిపోతుంది.

హైదరాబాద్‌నే తీసుకుందాం. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఉన్నా, దాని మీదికి టూవీలర్లను రానివ్వరు. కింద పిల్లర్ల పక్కనుంచే పోవాలి. అక్కడ మూడో గేరు పడేలోపే ముందు ఆటో ఆగుతుంది. అదే ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) సర్వీసు రోడ్డు పట్టుకుని పోయేవాళ్లకు పొద్దున ఏడున్నరకు మూడు నాలుగు కిలోమీటర్లు ఖాళీ దారి దొరుకుతుంది. కిలోమీటర్లు సమానమే అయినా ఈ రెండు దారులకూ ఒకే బండి నప్పదు.

ఖాళీ దారిలో గేర్ల బండికి సాటి లేదు. వంద సీసీ బండి నాలుగో గేరులో 45-50 మధ్య పోతుంటే ఇంజిన్ ఏ మాత్రం రొప్పదు, చేతికి వణుకు తెలియదు. మలుపు ముందు ఒక గేరు తగ్గించి, బ్రేకు ముట్టుకోకుండా ఇంజిన్ పట్టుతోనే వేగం దించుకోవడంలో ఒక రుచి ఉంది. స్కూటీలో అది దొరకదు. యాక్సిలరేటర్ వదిలాక కూడా కాస్త దూరం జారుతూనే పోతుంది కాబట్టి అక్కడ పనంతా బ్రేకులదే.

ఇక చక్రాలు. స్ప్లెండర్ లాంటి బండికి రెండూ 18 అంగుళాలవి. యాక్టివాకు ముందు 12, వెనక 10. బరువులో రెండింటికీ పెద్ద తేడా లేదు. కానీ గొయ్యిలో పెద్ద చక్రం దిగీ దిగకుండా దాటేస్తుంది, చిన్నది లోపలికి పడి లేస్తుంది. పైగా స్కూటీ ఇంజిన్ బరువంతా వెనక చక్రం మీదే ఉంటుంది. ఆ దెబ్బ నేరుగా నడుముకే.

అదే సిగ్నళ్ల దారైతే లెక్క తిరగబడుతుంది. పది కిలోమీటర్లలో పాతిక ఆగుళ్లుంటే ఎడమ చేతికి క్లచ్ పనే సరిపోతుంది. చాలామంది చేసే తప్పు హాఫ్ క్లచ్ మీద, అంటే లివర్ సగమే వదిలి, పాకడం. ప్లేట్లు అరిగేది దానివల్లే. రేస్ పెంచితే మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. వెంటనే ప్లేట్లు మార్చేయకుండా ముందు క్లచ్ వైరు చూడండి. లివర్ చివర 10-15 మిల్లీమీటర్ల వదులు ఉండాలి. అది లేకపోతే లివర్ వదిలినా క్లచ్ పూర్తిగా పట్టదు.

ఆయిల్ దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. గేర్ల బండిలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తూ ఉంటుంది కాబట్టి డబ్బా మీద జాసో ఎంఏ (బండ్ల ఆయిళ్లకు జపాన్ ప్రమాణం) అని ఉండాలి. స్కూటర్ల కోసం చేసిన ఎంబీ ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది. చిక్కదనంలో రెండూ 10డబ్ల్యూ-30 రకమే కావచ్చు, షాపువాడు ఒకటేలే అనవచ్చు. కాదు.

చైన్‌ను ప్రతి 500-600 కిలోమీటర్లకు తుడిచి ఆయిల్ పెట్టాలి. వానాకాలంలో ఇంకా ముందే. స్కూటీకి ఈ చాకిరీ లేదు, లోపల బెల్ట్ ఉంటుంది. ఎత్తులో లాగుతున్నప్పుడు కీచుమని జారినా, బయల్దేరేటప్పుడు వణికినా బెల్ట్, రోలర్లు విప్పి చూడాల్సిందే. 20 వేల కిలోమీటర్లు దాటిన బెల్ట్‌ను నమ్ముకుని దూరం పోవద్దు. తెగితే తోసుకోవడమే.

పెట్రోలు సంగతి. రోజుకు 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులంటే 750. ట్రాఫిక్‌లో లీటరుకు గేర్ల బండి 60, స్కూటీ 45 ఇస్తాయనుకుంటే పన్నెండున్నర లీటర్లు ఒకదానికి, దాదాపు పదిహేడు రెండోదానికి. తేడా నాలుగు లీటర్లు. లీటరు 107 లెక్కన నెలకు 450 లోపే. డిక్కీలో టిఫిన్ బాక్సు, రెయిన్‌కోటు పట్టడం, చీర కట్టుకున్నవాళ్లు కూడా హాయిగా నడపగలగడం ఆ డబ్బుకు సరిపోతాయా లేదా అన్నది ఎవరి లెక్క వాళ్లది. మా ఓటైతే, సిగ్నళ్లు ఇరవై దాటిన దారిలో స్కూటీకే.

మోకాలి లోతు నీళ్లలో మాత్రం రెండూ ఒకటే. యాక్సిలరేటర్ వదలకుండా మెల్లగా దాటాలి. మధ్యలో ఆగిపోతే సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్లు పోయి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి, కిక్ కొట్టి నీళ్లు బయటికి తోశాకే స్టార్ట్ చేయాలి. స్కూటీ బెల్ట్ కేసింగ్‌లోకి నీళ్లు చేరితే ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలదు, అది ఆరేదాకా ఆగాలి. గట్టెక్కాక డ్రమ్ బ్రేకులను రెండు మూడుసార్లు మెల్లగా నొక్కుతూ పోతే ఆరతాయి. అప్పటిదాకా అవి పట్టవు.

కరెంటు స్కూటర్‌కు రోజుకు యూనిట్ చొప్పున పడుతుంది, చప్పుడుండదు, క్లచ్ లేదు. నాలుగో అంతస్తులో ఉండి, కింద ప్లగ్ పాయింట్ లేనివాళ్లు దాని గురించి ఇంకా చదవనక్కర్లేదు.

టెస్ట్ రైడ్‌కు పొద్దున పదకొండుకు వెళ్లకండి. ఆ వేళకు ఏ బండైనా బాగానే ఉంటుంది. సాయంత్రం ఆరున్నరకు, వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, కాలికి ఆఫీసు షూ వేసుకుని అడగండి. స్ప్లెండర్‌లో గేర్లన్నీ ముందుకు నొక్కేవే. పల్సర్ లాంటివాటిలో ఒకటి కిందికి, మిగతావి బొటనవేలితో పైకి. షూ పైన నల్లమచ్చ పడేది ఆ రెండో రకంతోనే.